నల్ల నీళ్లలో ఎర్రమట్టి: ఒక బొగ్గు యార్డు తనిఖీలో తేలిన సంగతి

నల్లగొండ జిల్లాలో బొగ్గు గనులు లేవు. తెలంగాణ బొగ్గంతా గోదావరి లోయలో, కొత్తగూడెం, రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి వైపు ఉంది. కానీ బొగ్గు కాలే చోట్లు మాత్రం మన దక్షిణం వైపు తక్కువేం కాదు. సున్నపురాయి ఉన్నచోటల్లా సిమెంటు కిల్న్‌లు, థర్మల్ విద్యుత్, రకరకాల బాయిలర్లు ఉన్నాయి. అక్కడ గని దగ్గర బొగ్గు ఎక్కించే పనికి ఏమేం ఉంటాయో, ఇక్కడ దించే పనికీ దాదాపు అవే ఉంటాయి. రైల్వే సైడింగ్, క్రషర్, కన్వేయర్, కుప్పలు పోసే యార్డు, లోడర్లు బాగుచేసే వర్క్‌షాప్, వాననీరు ఆగి తేరుకునే సెట్లింగ్ పాండ్. నేను పదేళ్లకు పైగా గనుల ఉపరితల విభాగాల్లో పర్యావరణ తనిఖీలు చేసి, తర్వాత సొంత జిల్లాకు వచ్చి ఇదే పని ఇక్కడి ఫ్యాక్టరీలకు చేస్తున్నాను.

ఇది అలాంటి ఒక ఫ్యాక్టరీ యార్డు కథ. ఊరు పేరు, ఫ్యాక్టరీ ఏం తయారు చేస్తుంది, ఏ సంవత్సరం అన్నవి రాయడం లేదు, గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ప్రాంతం అన్నంతవరకు చెప్తాను, అది తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఉపయోగపడుతుందని, నేను ఎక్కడ తప్పుగా ఆలోచించానో కూడా దాచకుండా రాస్తున్నాను.

స్థలం ఎలా ఉంటుంది

పడమర వైపు చిన్న గుట్ట, గుట్ట కింద ఎర్ర చెలకలు. చెలకల తర్వాత పంచాయతీ రోడ్డు. రోడ్డుకు ఇవతల ఫ్యాక్టరీ గోడ, గోడ లోపల సుమారు 2 హెక్టార్ల బొగ్గు యార్డు, దాని పక్కనే సైడింగ్. ఒక రేక్, అంటే పూర్తి గూడ్సు రైలు, వచ్చిందంటే 58 వ్యాగన్ల చొప్పున మూడున్నర వేల టన్నుల పైచిలుకు బొగ్గు, దాన్ని ఎక్స్‌కవేటర్లతో దించి కుప్పలు పోస్తారు. నేల తూర్పుకు వాలుగా ఉంటుంది కాబట్టి తూర్పు మూలన మూడు గదుల సెట్లింగ్ పాండ్ కట్టారు, ఒక్కో గది 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు. అంటే మొత్తం 900 ఘనపు మీటర్లు. పాండ్ దాటితే గోడ, గోడ దాటితే ఒక బోదె, బోదె మీద వరి మళ్లు. మళ్లల్లో ఉన్నది బూడిద రంగు బంకమట్టి. ఈ మట్టి రంగు గుర్తుపెట్టుకోండి.

ఫిర్యాదు

ఆగస్టులో, నాట్లు పడి నెల దాటిన సమయంలో, బోదెలో నల్ల నీళ్లు వస్తున్నాయని రైతులు కలెక్టరేట్‌లో ప్రజావాణికి అర్జీ ఇచ్చారు. మళ్లల్లో నల్లటి పొర కూర్చుంటోందని, బర్రెలు ఆ నీళ్లు తాగడం లేదని రాశారు. కాలుష్య నియంత్రణ మండలి అధికారి వచ్చి చూసి, ఫ్యాక్టరీకి నోటీసు ఇచ్చి గడువు పెట్టారు. ఆ గడువులో కారణం కనిపెట్టి సరిచేయాలని యాజమాన్యం నన్ను పిలిచింది. సెప్టెంబరు మొదట్లో వెళ్లాను.

మొదటి రోజు ఫైళ్లు చదివాను. అన్నీ ఉన్నాయి. సీఎఫ్ఓ, అంటే ఫ్యాక్టరీ నడపడానికి మండలి ఇచ్చే అనుమతి, అమల్లో ఉంది. మార్చితో ముగిసిన సంవత్సరానికి సెప్టెంబరు 30 లోపు ఇవ్వాల్సిన ఫారం 5 పర్యావరణ నివేదిక తయారవుతోంది. వాడేసిన నూనె లెక్కల వార్షిక రిటర్ను జూన్ 30 లోపే వెళ్లిపోయింది. బయటికి పోయే నీటిలో కరగకుండా కలిసి ఉన్న ఘనపదార్థం, అంటే టీఎస్ఎస్, లీటరుకు 100 మి.గ్రా. మించకూడదు, నూనె 10 మించకూడదు, పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. బొగ్గు గనులకు 2000 సంవత్సరంలో వచ్చిన ప్రమాణాల్లోనూ ఇవే అంకెలు. ఇది గని కాదు కాబట్టి ఆ నోటిఫికేషన్ దీనికి నేరుగా వర్తించదు, కానీ సాధారణ డిశ్చార్జ్ ప్రమాణం కూడా అంతే చెప్తుంది. నెల నెలా ల్యాబ్ రిపోర్టులు 12 ఉన్నాయి, పన్నెండూ పాసే. టీఎస్ఎస్ ఎక్కడా 60 దాటలేదు.

పన్నెండు మంచి రిపోర్టులు, నోటీసులో నల్ల నీళ్ల ఫొటోలు. రెండూ నిజమే అయితే, శాంపిల్ తీసిన రోజూ నల్ల నీళ్లు వచ్చిన రోజూ ఒకటి కావు. రిపోర్టుల మీద తేదీలు రాసుకొని ఫ్యాక్టరీ గేటు దగ్గరి వాన లెక్కల పుస్తకంతో పోల్చాను. ఒక్క శాంపిలూ వాన రోజు తీసింది కాదు. మోసం ఏమీ లేదు. ల్యాబ్ బండి హైదరాబాద్ నుంచి వస్తుంది, వాన పడితే ఆ రోజు వాయిదా వేసుకొని ఎండ కాసిన రోజు వస్తారు. ఎండ రోజు పాండ్‌లో నీళ్లు కదలకుండా ఉంటాయి, పైన పైన ముంచితే తేట నీళ్లే వస్తాయి. అయినా ఏడాది పొడవునా, సమస్య లేని రోజుల్లో మాత్రమే సమస్యను వెతికినట్టయింది.

నేను వచ్చేలోపు ఫ్యాక్టరీ చేసింది

అర్జీ రాగానే ఫ్యాక్టరీ వాళ్లు దుమ్మే కారణమనుకున్నారు. అనుకోవడంలో తప్పులేదు, బొగ్గు యార్డు అంటే అందరికీ ముందు కనిపించేది దుమ్మే. గాలిలోని సన్న ధూళికి, అంటే పీఎం 10 కి, 24 గంటల సగటు ప్రమాణం ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, దాన్ని దాటకూడదన్న టెన్షన్ వాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. అందుకని స్ప్రింక్లర్లు దాదాపు రెట్టింపు చేశారు, బోరు నీళ్లు పొద్దున సాయంత్రం తడిపారు. దుమ్ము నిజంగానే తగ్గింది. నల్ల నీళ్లు మాత్రం పెరిగాయి.

ఎందుకో ఇప్పుడు సులువుగా కనిపిస్తుంది. తడిసిన దుమ్ము మాయమైపోదు, నేల మీద మెత్తటి బురదగా కూర్చుంటుంది, తర్వాతి వాన దాన్ని కడిగి పాండ్‌లోకి తోస్తుంది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. స్ప్రింక్లర్ల నీళ్లలో మిగిలినవి రోజూ పాండ్‌లోకే పారేవి. అందువల్ల వాన వచ్చేసరికి పాండ్ ఎప్పుడూ సగానికి పైగా నిండి ఉండేది. వాన నీళ్లు పట్టుకోవడానికి కట్టిన తొట్టిని బోరు నీళ్లతో ముందే నింపి పెట్టినట్టు. గాలి సమస్యను తీర్చబోయి నీటి సమస్యను పెంచుకున్నారు. ఇంకో నష్టం కూడా జరిగింది. తడవడం, ఆరడం, మళ్లీ తడవడం వల్ల బొగ్గు వేడెక్కే గుణం పెరుగుతుంది. పాత కుప్ప ఒకదాని పక్క నుంచి సన్నగా పొగ వస్తుంటే, దాని మీద నీళ్లు కొట్టొద్దని చెప్పి, ఆ భాగాన్ని తవ్వి పలచగా పరిపించి, చల్లారాక రోలర్‌తో అణగదొక్కించాను. కుప్పలో ముందు వచ్చిన బొగ్గు ముందు పోవాలన్న నియమం అక్కడ పాటించడం లేదు, అది వేరే కథ.

నేను చేయించింది, అది కూడా పనిచేయలేదు

పాండ్ నుంచి సన్న బొగ్గు దాటిపోతోందని తెలిసింది కదా, పటిక వేసి కూర్చోబెడదామనుకున్నాను. ఆలోచన ఇలా సాగింది. 20 మైక్రాన్ల ఇసుక రేణువు నీటిలో దిగే వేగంతో పోలిస్తే అంతే సైజు బొగ్గు రేణువు నాలుగో వంతు వేగంతోనే దిగుతుంది, ఎందుకంటే ఇసుక సాంద్రత 2.65 అయితే బొగ్గుది 1.4 చుట్టూనే. లెక్కేస్తే గంటకు 30 సెంటీమీటర్లు. మీటరున్నర లోతుకు ఐదు గంటలు కావాలి. రేణువు 10 మైక్రాన్లే అయితే ఇరవై గంటల దాకా. వానలో పాండ్‌కు అంత తీరిక ఉండదు. అదే పటిక వేస్తే సన్న రేణువులు గుంపు కట్టి తొందరగా దిగుతాయి. ఒక లీటరు బీకర్లలో పరీక్ష చేస్తే పావుగంటలో నీళ్లు తేటపడ్డాయి. సంతోషంగా డోసింగ్ డ్రమ్ము పెట్టించాను.

తర్వాత పడిన వానకే అది పనిచేయదని తేలిపోయింది. బీకర్లో మనం గరిటెతో కలుపుతాం, నీళ్లు కదలకుండా ఉంచుతాం. పాండ్‌కు వచ్చే ప్రవాహం మాత్రం అరగంటలో సన్నటి ధార నుంచి మోకాలి లోతు పరుగు దాకా మారిపోతుంది, డ్రమ్ము నుంచి పటిక ధార ఒకే తీరుగా పడుతుంది. అర్ధరాత్రి వానలో కుళాయి తిప్పి సర్దడానికి ఒక మనిషి గొడుగు పట్టుకొని నిలబడాలి, అది జరిగే పని కాదు. నీళ్ల మీద తేలే నల్ల పొర మీద పటిక అసలు పనిచేయనే లేదు, దాని సంగతి తర్వాత చెప్తాను. రెండు వారాలు, కొంత డబ్బు, కొంత నమ్మకం పోయాయి. వచ్చే నీళ్లు ఎన్ని అన్నది తేల్చకుండా, వచ్చిన నీళ్లను శుభ్రం చేయడం గురించి ఆలోచించాను. నా తప్పు అక్కడ ఉంది.

బోదె ఒడ్డున

పటిక విఫలమైన మర్నాడు మొదటిసారి గోడ అవతలికి, అర్జీ పెట్టిన పెద్దాయన పొలానికి వెళ్లాను. నిజానికి మొదటి రోజే పోవాల్సింది. ఫ్యాక్టరీ పిలిస్తే వచ్చినవాణ్ని కాబట్టి రైతులు ఎలా మాట్లాడతారోనని వెనకాడాను. ఆయన మాత్రం కోపం ఏమీ చూపించకుండా, నన్ను బోదె గట్టు మీద కూర్చోబెట్టి, పారతో గట్టు అంచును నిలువుగా ఒక జానెడు కోశాడు.

"చూడు సారూ, గిది ఎట్లుందో."

కోత ముఖం తడిగా మెరుస్తోంది. పైన గోరంత మందాన నల్ల పొర, మసి రాసినట్టు. దాని కింద వేలెడు మందం ఎర్రటి మట్టి. దాని కింద మళ్లీ నల్ల గీత, మళ్లీ ఎరుపు. నాలుగు నలుపులు, నాలుగు ఎరుపులు లెక్కపెట్టాను. అన్నిటికీ కింద పొలం సొంత బూడిద రంగు బంకమట్టి. నల్ల పొరను వేలితో రాస్తే వేలి గీతల్లోకి దిగిపోయింది, ఎర్ర పొర మాత్రం గరగరా, ఇసుకగా తగిలింది.

"దుమ్మయితే దినాం పడ్తది. ఈ నీళ్లు వానొచ్చిన నాడే వస్తయి. మరి మీ ఫ్యాక్టరీల ఎర్రమట్టి యాడిది?" అని అడిగాడు ఆయన.

ఆ ప్రశ్నతో కేసు మలుపు తిరిగింది. యార్డు మొత్తం నల్లగా ఉంది, అడుగున పోసింది మొరం కాదు, గట్టిగా దట్టించిన క్లింకర్ ముక్కలు, సున్నపురాయి ముక్కలు. ఎర్రమట్టి అక్కడ ఎక్కడా లేదు. అయినా వెంటనే నమ్మేయకుండా ఒకటి చేశాను. అదే బోదె మీద ఎగువకు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే చోటు కంటే ఇంకో రెండు వందల మీటర్లు పైకి నడిచి, అక్కడా గట్టు కోయించాను. బూడిద రంగు బంకమట్టి తప్ప ఏమీ లేదు. కాలువ నుంచే ఎర్రమట్టి వచ్చి ఉంటే అక్కడ కూడా కనిపించాలి కదా. అంటే నల్లదీ ఎర్రదీ రెండూ ఫ్యాక్టరీ పాండ్ గుండానే వస్తున్నాయి. ఎర్రమట్టి ఉన్నది పడమటి చెలకల్లో. చెలకల నీళ్లు యార్డులోకి వస్తున్నాయి, ఆ నీళ్లే బొగ్గును మోసుకొని పోతున్నాయి.

డ్రాయింగుల్లో మాత్రం ఆ నీళ్లు రోడ్డు కింది కల్వర్టు గుండా ఉత్తరానికి తిరిగి పాత వాగులో కలవాలి.

వాన రాత్రి

అక్టోబరు మొదట్లో తుపాను వాన వచ్చింది. సాయంత్రం నుంచే ఫ్యాక్టరీలో ఉన్నాను. సివిల్ ఇంజనీరు, ఇద్దరు కుర్రాళ్లు, రెండు టార్చిలు, శాంపిల్ సీసాలు. పాండ్ దగ్గర నిలబడకుండా నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో అటు ఎదురు నడవాలని ముందే అనుకున్నాం. పాండ్ నుంచి డ్రెయిన్, డ్రెయిన్ నుంచి కుప్పల మధ్య దారి, అక్కడి నుంచి పడమటి గోడ. గోడ కింద నీరు పోవడానికి ఎప్పుడో వదిలిన రంధ్రాల్లోంచి ఎర్రటి నీళ్లు వరదలా వచ్చి పడుతున్నాయి, బొగ్గు కుప్ప పాదాన్ని కోసుకుంటూ పోతూ పది అడుగుల్లోనే నల్లగా మారిపోతున్నాయి. గోడ ఎక్కి చూస్తే అవతల రోడ్డు కనిపించలేదు, రోడ్డు మీద నుంచే నీళ్లు పారుతున్నాయి. కల్వర్టు మూతి ముళ్లకంప, ప్లాస్టిక్ సంచులు, మట్టితో పూర్తిగా మూసుకుపోయింది.

గంటకో శాంపిల్ తీశాం. మొదటి గంటలో పాండ్ బయటి నీళ్ల టీఎస్ఎస్ వెయ్యికి పైనే వచ్చింది, తెల్లారేసరికి బాగా తగ్గింది. ఒక్క శాంపిల్, అదీ పొద్దున పది గంటలకు తీసి ఉంటే ఈ రాత్రి కూడా పాస్ రిపోర్టే అయ్యేది.

తర్వాత కూర్చొని లెక్క వేశాను, ఈ లెక్క మొదటి వారమే వేయాల్సింది. 40 మి.మీ. వాన పడితే, యార్డు 20,000 చదరపు మీటర్ల మీద 800 ఘనపు మీటర్లు, అందులో ఇంకేది పోగా 640 వరకు పారుతుంది. పాండ్ 900 పడుతుంది కాబట్టి కట్టినవాళ్ల లెక్క సరిగ్గానే ఉంది. కానీ రోడ్డు అవతల సుమారు 7 హెక్టార్ల గుట్ట, చెలకల నీళ్లు కూడా వచ్చిపడితే, నేల పీల్చుకునేది ఎక్కువే అనుకున్నా ఇంకో 1,100 పైన. మొత్తం 1,760. మరోవైపు పాండ్‌లో సగం పూడిక, ఆపైన స్ప్రింక్లర్ల నీళ్లు పోగా మిగిలిన ఖాళీ 300 కూడా లేదు. ఈ లెక్క ముందు పటిక ఎంత వేస్తే ఏం లాభం.

పనిచేసింది

మొదట చేసింది శుభ్రమైన నీటిని మురికి నీటి నుంచి విడదీయడం. గనుల్లో దీన్ని గార్లాండ్ డ్రెయిన్ అంటారు, మట్టిదిబ్బల చుట్టూ, క్వారీ చుట్టూ దండలా కాలువ తవ్వి బయటి వాననీరు లోపలికి రాకుండా తిప్పేస్తారు. అక్కడ నేను వందసార్లు చూసినదాన్ని ఇక్కడ మర్చిపోయానంటే, కల్వర్టు గోడకు అవతల ఉండడమే కారణం. నా తనిఖీ ఫారంలో ఫ్యాక్టరీ హద్దు దాటి ఒక్క గడి కూడా లేదు.

కల్వర్టు పంచాయతీది, దాన్ని మేమెందుకు ముట్టుకోవాలని ఫ్యాక్టరీలో అభ్యంతరం వచ్చింది. న్యాయమైన సందేహమే, అనుమతి లేకుండా చేస్తే ఇంకో గొడవ. నీళ్లు అటు తిప్పితే ఉత్తరం వైపు రైతులకు నష్టమా అన్నది నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. గ్రామ నక్షా తెప్పించి చూశాం. ఆ గుట్ట నీళ్లు మొదటి నుంచీ ఆ వాగులోకే పోయేవని నక్షాలో స్పష్టంగా ఉంది, ఊళ్లో పెద్దవాళ్లూ అదే చెప్పారు. మనం కొత్తగా ఎవరి మీదికీ నీళ్లు తోలడం లేదు, పాత దారి తెరుస్తున్నాం. పంచాయతీకి రాసిచ్చి, అనుమతి తీసుకొని, కల్వర్టు తవ్వించి, రోడ్డు పడమటి అంచున కాలువ తీయించి, గోడ కింది రంధ్రాలు కట్టించేశాం. జనవరి నుంచి ఏప్రిల్ లోపు ఈ పని అయిపోయింది. ఖర్చు, రెట్టింపు చేసిన స్ప్రింక్లర్ల ఖర్చు కంటే తక్కువే.

రెండోది పాండ్. మూడు గదుల మధ్య గోడల్లో నీళ్లు దాటే సందులు రెండూ ఒకే వరుసలో ఉన్నాయి. లోపలికి వచ్చిన నీరు తిన్నగా గీత గీసినట్టు బయటికి పోయేది, రెండు పక్కలా ఉన్న నీళ్లు కదలనే కదలవు. సందులు ఒకటి ఈ మూలకు, ఇంకొకటి ఆ మూలకు మార్చాం. పూడిక మొత్తం మే నెలలో, మృగశిర కార్తె రాకముందే తీయించి, ఆ సన్న బొగ్గు ఆరబెట్టి మళ్లీ బొగ్గులోనే కలిపారు. పాండ్ గోడ మీద ఒక ఎర్ర గీత గీయించాను, జూన్ నుంచి అక్టోబరు దాకా నీళ్లు ఆ గీత దాటి ఉండకూడదు. గీత కింద ఉంచాలంటే నీళ్లు ఎక్కడికో పోవాలి కదా, అందుకని స్ప్రింక్లర్ల పైపును బోరు నుంచి తీసి పాండ్ చివరి గదికి కలిపాం. ఇప్పుడు యార్డును తడిపితే పాండ్ ఖాళీ అవుతుంది. దోషం అనుకున్న స్ప్రింక్లరే పరిష్కారంలో భాగమైంది. చివరి గదిలో నీళ్లు చాలినంత తేటగా లేకపోతే నాజిల్స్ మూసుకుపోతాయి, అందుకు ఒక ఇసుక ఫిల్టరు పెట్టాల్సి వచ్చింది.

తేలే నల్ల పొర సంగతి. మెత్తటి బొగ్గు దుమ్ముకు నీరంటే గిట్టదు, తేలుతుంది. దానికి కొంచెం నూనె తగిలితే ఇంకా గట్టిగా గుంపు కట్టి తేలుతుంది. బొగ్గును కడిగి శుభ్రం చేసే వాషరీల్లో డీజిల్ కొద్దిగా కలిపి సన్న బొగ్గును నురగతో పైకి తేల్చి తీసేది ఇదే గుణంతో. ఇక్కడ వర్క్‌షాప్ గచ్చు కడిగిన నీళ్లు ఆయిల్ ట్రాప్‌లోకి, అంటే నూనెను ఆపే తొట్టిలోకి, పోకుండా, ట్రాప్ నిండిపోయి, పక్క డ్రెయిన్ గుండా పాండ్‌లోకి చేరేవి. ఎవరికీ తెలియకుండా పాండే ఒక చిన్న వాషరీలా పనిచేస్తోంది. ట్రాప్ శుభ్రం చేయించి, వాడేసిన నూనె డ్రమ్ములు షెడ్డు కిందికి మార్చి, 90 రోజులు దాటకుండా అనుమతి ఉన్న రీసైక్లర్‌కు మ్యానిఫెస్ట్ (రవాణా పత్రం)తో పంపే ఏర్పాటు చేయించాను. పాండ్ బయటి తూము ముందు ఒక పలకను నీళ్లలోకి జానెడు దిగేలా వేలాడదీయించాను. తేలేదంతా పలక దగ్గర ఆగిపోతుంది, అడుగు నుంచి నీరు పోతుంది. మొత్తం పనిలో అన్నిటికంటే చవకైనది ఆ పలకే.

ఫలితం, మిగిలినవి

మరుసటి ఏడాది మొదటి పెద్ద వానకు మొదటి గంట శాంపిల్ 140 వచ్చింది. 100 దాటింది కాబట్టి ఫెయిలే, రిపోర్టులో అలాగే రాయించాను, దాన్ని పక్కన పెట్టి తర్వాతి గంటది రాద్దామన్న సలహా వచ్చినా ఒప్పుకోలేదు. రెండో గంట నుంచి 100 లోపే. ఎండాకాలమంతా నేల మీద పేరుకున్న మెత్తటి బురదే ఆ మొదటి 140, అందుకని ఇప్పుడు మే చివర్లో యార్డు దారులన్నీ పారలతో గీకించి ఎత్తిస్తున్నారు. ఆగస్టులో ఒక్కసారి మాత్రం, రెండు వానలు వెంట వెంటనే వచ్చినప్పుడు పాండ్ పొంగింది. ఆ రోజే మండలికి తెలియజేశాం, రైతులకు కూడా ముందే ఫోన్ చేసి, బోదె తూము కాసేపు మూసుకొమ్మని చెప్పాం. బోదెలో పేరుకున్న పాత పొరలను ఫ్యాక్టరీ తన ఖర్చుతో తీయించింది.

నా తనిఖీ ఫారం మార్చుకున్నాను. మొదటి పేజీలో ఇప్పుడు, హద్దు గోడకు ఎగువన ఎంత భూమి నీళ్లు ఇటు వస్తాయి, గత ఏడాది శాంపిళ్లలో వాన రోజు తీసినవి ఎన్ని, దిగువ రైతు లేక ఊరివాళ్లలో ఎవరితో మాట్లాడావు, అన్న మూడు గడులు ఉన్నాయి. ఈ మూడూ నిండకుండా ఫైళ్లు తెరవను. దిగువవాళ్లతో మాట్లాడడం మర్యాద కోసం కాదు. ఆ పెద్దాయన వానాకాలమంతా రోజూ ఆ బోదె గట్టు మీద తిరిగిన మనిషి. నేను ఆ ఏడాది అక్కడ ఉన్నది మొత్తం కలిపినా పదిహేను రోజులు. ఆయన దగ్గర ఉన్న పరిశీలన ఏ ల్యాబ్ రిపోర్టులోనూ లేదు.

దుమ్ము సమస్య పూర్తిగా తీరలేదు. మార్చి, ఏప్రిల్ గాలులకు ఎక్స్‌కవేటర్‌తో వ్యాగన్ దించుతుంటే లేచే దుమ్మును స్ప్రింక్లర్ ఆపలేదు, అది బొగ్గు పడే ఎత్తు తగ్గిస్తేనో, దించే చోట మూడు వైపులా షెడ్డు కడితేనో తగ్గుతుంది. షెడ్డు అంచనా వేసి ఇచ్చాను, ఇంకా మంజూరు కాలేదు. కల్వర్టు మూతిని ఏటా మే 15 లోపు తీయించే బాధ్యత ఎవరిదన్నది పంచాయతీ, ఫ్యాక్టరీ కలిసి కాగితం మీద పెట్టుకున్నాయి. మొన్న మే రెండో వారంలో అటు పోయినప్పుడు బండి ఆపి దిగి చూశాను. కంప తీసేసి ఉంది, లోపలికి వంగి చూస్తే అవతలి వెలుతురు కనిపించింది.